దండం పెట్టని చెయ్యి

ఆ కాగితం రెండు పేజీలు. మొదటి పేజీలో బోటు నంబరు, అందులో ఉన్న ఆరుగురి పేర్లు. రెండో పేజీలో జరిగిందంతా నాలుగు ఇంగ్లీషు వాక్యాల్లో రాసి ఉంది. మూడో వాక్యంలో ఉన్నది ఇది: మొగ దాటుతుండగా బోటు ఒక్కసారిగా 'లర్చ్' అయింది, నడుపుతున్న వ్యక్తి అదుపు చేయలేకపోవడం వల్ల బోల్తా పడింది. నడుపుతున్న వ్యక్తి మా అన్న. చనిపోయినవాడు మా పేటలో సగం మందికి మావ వరసైన పెద్దాయన, కులపెద్దకు సొంత తమ్ముడు.

నేను ఆ బోటులో ఉన్నాను. ఆ కాగితం రాసినాయన లేడు. ఈ ముక్క నేను చాలామందికి చెప్పాను. వింటూ వింటూ మధ్యలో ఎవరెవరు లేచి వెళ్ళిపోయారో, ఎవరు బీడీ వెలిగించి పక్కకి చూశారో, పేరుపేరునా చెప్పగలను. ఇక్కడ పేర్లు వద్దనుకున్నాను కాబట్టి చెప్పను.

వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. నది నోటిని మేము మొగ అంటాం. మా పేట అక్కడికి దగ్గర్లోనే ఉంది. మొగ ఏటేటా కాస్త అటో ఇటో జరుగుతుంది, ఇసుక ఈ ఏడాది ఒకచోట మేట వేస్తే వచ్చే ఏడాది ఇంకోచోట వేస్తుంది. లోపలికి వచ్చేటప్పుడు ఎడమ చేతి వైపు ఇసుకదిబ్బ మీద గంగమ్మ గుడి. పసుపు రంగు గోడ, ఎర్ర గీతలు, లోపల ఒక మనిషి వంగి నిలబడగలిగేంత చోటు. వేట నుంచి వచ్చేవాడికి ఇళ్ళకంటే ముందు ఆ పసుపు రంగే కనిపిస్తుంది.

మా వాళ్ళకి ఒక ఆచారం ఉంది. వెళ్ళేటప్పుడు అమ్మవారికి దండం పెట్టరు, అడిగి వెళ్ళకూడదంటారు. వచ్చేటప్పుడు పెడతారు. బోటు ముక్కు మొగలోకి దూరగానే అందరూ లేచి నిలబడి, గుడి వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, "తెచ్చేసినావు తల్లీ" అంటారు. మా తాత అన్నాడు, మా నాన్న అన్నాడు. వాళ్ళు అన్నది తెప్ప మీద. తెప్ప అంటే దుంగలు కట్టినది, నీళ్ళు పైకి వస్తే సందుల్లోంచి కిందికి పోతాయి. దాని మీద ఇద్దరు నిలబడి గుడి వైపు తిరిగినా, చిందులు తొక్కినా అది పెద్దగా పట్టించుకోదు. తరవాత ఫైబర్ బోట్లు వచ్చాయి. బోటు మారింది, వల మారింది, తెడ్డు పోయి ఇంజను వచ్చింది. దండం మాత్రం అలాగే ఉంది.

ఇంజను పట్టేవాడికి ఆ దండం లేదు. ఉండదు. బోటు వెనక కూర్చుని ఒక చేత్తో ఇంజను పిడి పట్టుకుంటే, తిప్పడమూ వేగం పెంచడమూ తగ్గించడమూ అన్నీ ఆ చేతిలోనే ఉంటాయి. రెండో చెయ్యి అంచు మీద ఉండాలి. మొగలో ఆ చేతులు రెండూ తీసినవాడు ఇంటికి రాడు. మా అన్న ఆ చోట గుడి వైపు ఒకసారి చూసి కళ్ళు దించేవాడు. అదే ఆయన దండం.

ఆ రోజు పొద్దున ఎండ ఇంకా వేడెక్కలేదు. కవ్వ చేపలు బాగా పడ్డాయి. బోటు మధ్యలో కుప్ప పోసి, మీద వల వేశాం. ముందర నేను, నా వెనక మా బావ, అంటే మా అక్క భర్త. ఆ వెనక మా పెదనాన్న కొడుకులిద్దరు. మావ ఎడమ అంచు మీద కూర్చుని గుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు. అందరికంటే వెనక అన్న. మావ ఏదో సరసమాడుతున్నాడు, మా బావతోనే.

"ఒరే అల్లుడా, ఇన్ని కవ్వలు ఎండెట్టడానికి మీ ఆవిడొక్కర్తీ సాల్దు. ఇంకొకర్తిని తెచ్చుకో."

"తెచ్చుకుంటాను గానీ మావా, ముందు నువ్వు తెచ్చుకున్నామె నిన్ను ఇంట్లోకి రానిస్తాదేటి, సెప్పు."

అందరం నవ్వాం. ఆ నవ్వులోనే మొగ వచ్చింది. మావ లేచాడు. బావ లేచాడు. అందరం లేచాం. ఎడమ వైపు తిరిగాం. పది చేతులు జోడించి ఉన్నాయి, ఒక్కటీ బోటును పట్టుకుని లేదు. ఆ పదిలో రెండు నావి.

వెనక నుంచి అన్న అరిచాడు. "కూకోండ్రా! ఎనకాల కెరటం ఉన్నాది! కూకో!"

ఇంజను మోతలో అది నాకు వినిపించింది. మిగతా నలుగురికీ వినిపించిందో లేదో నాకు తెలియదు. నేను కూర్చోలేదు. దండం మధ్యలో ఎలా కూర్చుంటాం అనుకున్నానో, మావ నిలబడి ఉండగా నేను ముందుగా కూర్చోవడమేమిటి అనుకున్నానో, ఇప్పుడు సరిగ్గా చెప్పలేను. కెరటం వెనక నుంచి బోటు కిందకి దూరింది. అయిదుగురి బరువు ఎడమ పక్క ఉంది. కవ్వల కుప్ప వలతో సహా ఎడమ పక్కకి జారింది. అంచు నీళ్ళను తాకిన క్షణం నాకు తెలుసు, ఎందుకంటే జోడించిన నా చేతుల మీదికే నీళ్ళు వచ్చాయి.

అయిదుగురం ఒడ్డుకి చేరాం. మావ వల కిందకి పోయాడు. మర్నాడు సాయంత్రానికి గానీ దొరకలేదు.

మత్స్యశాఖ ఆఫీసు నుంచి విచారణకి ఒకాయన వచ్చాడు, మావ ఇంకా దొరక్కముందే. చేపలు ఎండబెట్టే చోట ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని రాశాడు. ఒక్కొక్కర్నీ పిలిచి అడిగాడు, ఏం జరిగిందని. బావ అన్నాడు: "ఒరిగిపోనాది బాబూ." పెదనాన్న పెద్దకొడుకూ అదే అన్నాడు, చిన్నకొడుకూ అదే అన్నాడు. నా వంతు వచ్చింది. ఆ కుర్చీకి పది అడుగుల దూరంలో మావ భార్య ఇసుకలో కూర్చుని సముద్రం వైపు చూస్తోంది. అమ్మవారికి దండం పెడుతూ మీ ఆయన్ని చంపుకున్నాం అని ఆవిడ వినేలా చెప్పగలిగినవాడు ఎవడైనా ఉంటే నాకు చూపించండి.

"ఒరిగిపోనాది బాబూ," అన్నాను నేనూ.

ఆయన రాసుకున్నాడు. ఆ ఇంగ్లీషు మాట అలా పుట్టింది, మా నలుగురి నోట్లోంచి.

పన్నెండో రోజున కులపెద్ద ఇంటి ముందు అందరూ కూర్చున్నప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మొదట వచ్చింది ఆ మాట. ఎవరన్నారో నాకు తెలుసు.

"అయిదుగురు దండం ఎట్టినారు. ఒక్కడు ఎట్టనేదు. అమ్మోరికి కళ్ళు నేవేటి?"

మా అన్న తల ఎత్తలేదు. పిడి వదిలి దండం ఎలా పెడతాడు అని అడిగినవాడు లేడు. అక్కడున్న ప్రతి మగాడికీ తెలుసు, వాళ్ళ బోట్లలోనూ ఇంజను పట్టేవాడు దండం పెట్టడని. తెలిసీ ఊరుకున్నారు. కులపెద్ద తీర్పు చెప్పాడు: ఈ పేటలో ఏ బోటు ఇంజను మీదా మా అన్న చెయ్యి పడకూడదు. బోటు మాది. నాన్న పోయాక అన్నా నేనూ కలిసి కొన్నది. దాని ఇంజను మా బావ పట్టాడు. ఇప్పటికీ ఆయనే పట్టుకుంటున్నాడు.

అన్న వయసు అప్పటికి నలభై లోపు. పదిహేనో ఏట నుంచీ మొగ దాటించినవాడు. ఇసుక ఎక్కడ మేట వేసిందో నీళ్ళ రంగు చూసి చెప్పేవాడు, పక్క పేట వాళ్ళు కూడా వచ్చి అడిగేవారు. ఆ మనిషి మా బోటులో మధ్యలో కూర్చుని వల లాగడం మొదలుపెట్టాడు. మొగ వచ్చిన ప్రతిసారీ లేచి, అందరికంటే ఎక్కువసేపు దండం పెట్టేవాడు. నేను అది చూడలేకపోయాను. సముద్రం మానేశాను. వలలు బాగుచేస్తూ, పేటలో వాళ్ళకి అర్జీలు రాస్తూ బతుకుతున్నాను. నేను పదో తరగతి పాసయ్యాను. మా పేటలో అప్పటికి పాసైనవాళ్ళం ముగ్గురం.

ఆ కాగితం నకలు నా చేతికి వచ్చేసరికి ఏడాది దాటింది. నాలుగు వాక్యాల్లో మూడు నాకు అర్థమయ్యాయి. ఆ ఒక్క మాట అర్థం కాలేదు. నా దగ్గరున్న చిన్న నిఘంటువులో 'తూలు' అని ఉంది. తాగినవాడు తూలుతాడు. మా అన్న తాగడు. మా బోటూ తాగదు.

మా దగ్గర ఈ కదలికకు మాటలు తక్కువేం కాదు. బోటు ఊగితే మళ్ళీ సర్దుకుంటుంది, దానికెవరూ కంగారు పడరు. కుదిపితే కింద కూర్చున్నవాడికి నడుం పట్టేస్తుంది. తూలితే ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది. ఒరిగితే నీళ్ళు లోపలికి వస్తాయి. ఇన్ని ఉండగా ఆయన వాటిలో ఏది అనుకుని ఆ మాట రాశాడు? నాకు తెలియాలి అనిపించింది. అదంతా ఒక వాక్యం కోసమా అని మా అక్క వెక్కిరించింది. అవును, ఒక వాక్యం కోసమే. మా అన్నను కట్టి పడేసింది కూడా ఒక్క వాక్యమే కదా.

శ్రీకాకుళంలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన ఒక లెక్చరరు గారున్నారని విని వెళ్ళాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. తలకి నూనె రాసుకున్నాను. ఆయన తలుపు తీసి, నా ఊరు అడిగి, "అక్కడ కూర్చోవయ్యా," అని మెట్టు చూపించారు. వరండాలో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మెట్టు మీద కూర్చున్నాను. ఆ మెట్టుకి కుడి అంచున పెచ్చు ఊడిపోయి ఉంది, ఇప్పటికీ ఊడే ఉందేమో. అయితే ఆయన చదువులో లోపం చెప్పను. లోపలికి వెళ్ళి రెండు చేతులతో మోయాల్సినంత పుస్తకం తెచ్చి, కుర్చీలో ఒడిలో పెట్టుకుని, వేలితో చూపిస్తూ చెప్పారు.

"ఇది మీవాళ్ళ మాటేనయ్యా. ఓడల మాట."

"మా మాటేటండి?"

"అంటే సముద్రం మీద తిరిగేవాళ్ళది. తెరచాప ఓడ గాలి తోసే వైపుకి ఒక్కసారిగా పక్కకి పడిపోతే దాన్ని లీ లర్చ్ అనేవారు. లీ అంటే గాలి పోయే పక్క. దానికి మూలం ఇంకో పాత మాట అయ్యుండొచ్చని అంటారు, లీ లాచ్ అని. ఖాయంగా ఎవరూ చెప్పలేరు."

"ఆ పాత మాటకి అర్థమేటండి?"

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. చుక్కాని పట్టుకున్నవాణ్ణి హెచ్చరించే మాటట. ఓడ గాలివాలుకి జారిపోకుండా చూసుకో, జాగ్రత్త అని.

ఎక్కడో చల్లటి దేశంలో, ఎన్ని తరాల కిందటో, ఎవడో ఒక ఓడ పైన నిలబడి చుక్కాని పట్టుకున్నవాడి మీద అరిచిన అరుపు. అది ఓడలు దాటి, పుస్తకాలు దాటి, రుమాలు అడ్డం పెట్టుకున్న ఒకాయన పెన్నులోంచి మా అన్న మీదికి వచ్చి పడింది. ఓడ జారితే అప్పుడూ వాణ్ణే అన్నారు. ఇప్పుడూ వాణ్ణే అన్నారు.

"ఇంకో అర్థం కూడా ఉంది," అన్నారు లెక్చరరు గారు. ఆయనకి ఉత్సాహం వచ్చింది. "ఇది వేరే మాట, ధ్వని ఒకటే. ఫ్రెంచి వాళ్ళది, బల్ల మీద ఆడే ఒక పాత పాచికల ఆట. అందులో మిగతావాళ్ళకంటే బాగా వెనకబడి, ఇక గెలిచే దారి లేనివాడి స్థితిని అలా అనేవారు. ఎవరినైనా కష్టంలో వదిలేసి పోతే ఇప్పటికీ ఇంగ్లీషులో ఆ మాటే వాడతారు. మూడోది ఇంకా ఉంది. నక్కి ఉండటం, కాజేయడం. దొంగవేటగాళ్ళు పెంచే ఒక జాతి కుక్కకి దాని పేరే."

"మడిసి బరువు మార్చితే ఓడ ఒరిగినట్టు ఏ అర్థంలోనైనా ఉన్నాదండి?"

ఆయన మళ్ళీ చూశారు. పేజీ తిప్పారు. "లేదయ్యా. గాలి ఉంది, కెరటం ఉంది. మనుషులు లేరు."

ఆయన మంచినీళ్ళు ఇవ్వలేదు. నేను అడగలేదు. బస్సులో తిరిగి వస్తూ ఆ అర్థాలన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది.

తరవాత ఆఫీసుకి అర్జీ పెట్టాను. లోపలున్న అయిదుగురు ఒకేసారి లేచి ఎడమ పక్కకి తిరగడం వల్ల బోటు ఒరిగిందని, నడిపేవాడి తప్పు లేదని, మూడో వాక్యం దిద్దాలని రాశాను. అర్జీ తీసుకున్న గుమస్తా చదివి పక్కవాడికి చూపించాడు.

"అయిదుగురూ ఎందుకు లేచారట?"

"అమ్మోరికి దండం ఎట్టడానికండి."

"అయితే ఇది గంగమ్మ మీద కంప్లైంటా? నోటీసు గుడికి పంపాలా?" ఇద్దరూ నవ్వారు. "ఇలాంటివి ఫైల్లో పెట్టలేమయ్యా. మీ పెద్దల చేత రాయించుకుని రా. అప్పుడు చూద్దాం."

నాలుగుసార్లు వెళ్ళాను. మూడోసారికి నన్ను చూడగానే "దండం పార్టీ వచ్చాడు" అన్నారు. నాకు వినిపించాలనే అన్నారు.

పెద్దలు రాయాలంటే పెద్దల ముందు చెప్పాలి. కులపెద్ద దగ్గరికి వెళ్ళి సభ పెట్టమని అడిగాను. పెట్టారు. అందరికీ టీ గ్లాసులు తిరిగాయి, నా దగ్గర ఆగలేదు. నేను లేచి మొత్తం చెప్పాను. తెప్పకీ ఫైబర్ బోటుకీ తేడా చెప్పాను. పది చేతుల సంగతి చెప్పాను. ఆ పదిలో నావీ ఉన్నాయని చెప్పాను. ఒక్కటి తప్ప అన్నీ చెప్పాను. అన్న 'కూకోండ్రా' అని అరిచిన సంగతి చెప్పలేదు. అది చెబితే, నీకు వినిపించిందా అని అడుగుతారు. వినిపించింది అంటే, మరెందుకు కూర్చోలేదని అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గరికి నేను వెళ్ళలేకపోయాను.

సభ గోలగోల అయిపోయింది.

"ఒరే, అమ్మోరి మీద ఎస్తావేటిరా? నీ నోరు పడిపోను!"

"ఈడి అన్నని తప్పించడానికి తల్లిని అంటన్నాడు సూడండి!"

కులపెద్ద చెయ్యెత్తి మా బావని అడిగాడు. "నువ్వు సెప్పు. నువ్వు దండం ఎట్టినప్పుడు ఒరిగిందా, ఒరిగినాక ఎట్టినావా?"

బావ నా వైపు చూడకుండా చెప్పాడు. "అప్పటికే ఒరుగుతాంది మావా. ఆడు తిప్పుకోనేకపోనాడు. అందికే నాను దండం ఎట్టినాను, కాపాడు తల్లీ అని."

మా అక్క అక్కడే ఉంది. ఆ రోజు నుంచి నేను వాళ్ళింట్లో అన్నం తినలేదు. పండక్కి పంపిన గిన్నె తిప్పి పంపాను. తప్పో ఒప్పో, అది అంతే.

కులపెద్ద చాలాసేపు ఆలోచించాడు. ఆయన చెడ్డవాడని నేను అనను. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు. చివరికి ఒక దారి చూపించాడు. నేను గుడికి వెళ్ళి, తడిబట్టలతో గడప దగ్గర నిలబడి, నేనన్న మాట తప్పు తల్లీ అని పదిమందీ వినేలా చెప్పాలి. చెబితే, వచ్చే వేట మొదలయ్యేసరికి అన్న ఇంజను పట్టుకోవచ్చు. చెప్పకపోతే పాత తీర్పే.

అన్న ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడ్డాడు, కూర్చోలేదు.

"ఒక్క మాటేరా. అనేయ్. అమ్మోరు ఏటీ అనుకోదు, ఆమెకి తెల్దేటి?"

"అబద్ధం ఆడమంటన్నావా అన్నా?"

"ఇంజను పట్టనియ్యమంటన్నాను."

"నాను అన్నది నిజం. నిజాన్ని తప్పంటే నువ్వు తప్పు సేసినట్టే కదా. మరింక నీ మీద మాట ఎప్పటికి పోతాది?"

అన్న నా మొహంలోకి చూశాడు. ఇంకేదో అడగబోతున్నట్టు చూశాడు. అడగలేదు. "సర్లే," అన్నాడు. "నీ ఇష్టం."

నేను గుడికి వెళ్ళలేదు. వేట మొదలయ్యే ముందు అన్న వీరావల్ వెళ్ళిపోయాడు. మా వైపు నుంచి చాలామంది వెళ్తారు, గుజరాతు బోట్లలో కూలికి. అక్కడ ఇంజను పట్టడానికి వేరేవాళ్ళుంటారు. మొగ దాటించే మనిషి అక్కడ వల లాగి, ఐసు కొట్టి, వంట చేసి పెడుతున్నాడు. ఏడాదికి ఒక్కసారి వస్తాడు. నాతో మాట్లాడతాడు, ఏం తిన్నావు, ఎలా ఉన్నావు అని. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు. వదిన అయితే అదీ లేదు. ఒకసారి బోరింగు దగ్గర బిందె ఎత్తుకుంటూ అంది: "నీ మాట నిలబడింది మరిదీ. మా ఇల్లే నిలబడనేదు."

చాలా ఏళ్ళు అలా గడిచాయి. నేను అర్జీలు మానలేదు. ఆఫీసులో గుమస్తాలు మారారు, మూడో వాక్యం మారలేదు.

ఈ మధ్య ఒక రోజు పొద్దున నేను ఇసుకలో కూర్చుని వల కుడుతున్నాను. బోట్లు మొగ దాటుతుంటే చూడటం మానేసి చాలా ఏళ్ళయింది, ఆ రోజు ఎందుకో తల ఎత్తాను. ఒక బోటు మొగలోకి వస్తోంది. ఇంజను పట్టినవాడు, పాతికేళ్ళు కూడా ఉండవు, గొంతు చించుకుని అరిచాడు: "కూకోండి! అందరూ కూకోండి! కూకునే ఎట్టండి!" లోపలివాళ్ళు ఎవరి చోట వాళ్ళు కూర్చుని, ఒక చేత్తో అంచు పట్టుకుని, రెండో చెయ్యి నుదుటికి ఆనించి దండం పెట్టారు. తరవాతి బోటూ అంతే. దాని తరవాత మా బోటు వచ్చింది. మా బావ ఇంజను పట్టుకుని ఉన్నాడు. ఆయనా అరిచాడు.

నేను లేచి ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి అడిగాను, ఇలా కూర్చుని పెట్టమని ఎవరు చెప్పారని.

"ఎవులో సెప్పడమేటి సిన్నాన్నా? ఎప్పట్నుంచో ఇంతే కదా."

ఎప్పట్నుంచో కాదు. మావ పోయిన తరవాతే మొదలైందని నాకు తెలుసు. కానీ ఆ కుర్రాడితో పని లేదు. నేను నేరుగా కులపెద్ద ఇంటికి వెళ్ళాను. ఆయన బాగా ముసలివాడయ్యాడు. అరుగు మీద నులకమంచంలో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి కాళ్ళు ముడిచి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు.

"పెద్దాయనా, బోట్లలో అందరినీ కూకోమని ఎందుకు అరుస్తన్నారు?"

"కెరటం వస్తాది కాబట్టి."

"నిలబడితే ఏటవుతాది?"

"బోటు ఒరిగిపోతాది. తెల్దేటి నీకు?"

"మరి ఆ రోజు మా అన్న బోటు ఏటికి ఒరిగింది?"

ఆయన లేచి కూర్చున్నాడు. కోపం రాలేదు. అలిసిపోయిన గొంతుతోనే అన్నాడు. "ఈ కుర్రోళ్ళు అరుస్తన్నారు. కూకోమని సెప్తన్నారు. మీ అన్న సెప్పనేదు. ఇంజను పట్టినోడు సెప్పాలి. అది ఆడి పని. ఆడు సెప్పుంటే నా తమ్ముడు కూకునేవోడు."

"సెప్పినాడు."

"ఏటి?"

"సెప్పినాడు. కూకోండ్రా, ఎనకాల కెరటం ఉన్నాదని అరిసినాడు. నాను ఇన్నాను."

లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగింది.

"నువ్వు ఇన్నావా?"

"ఇన్నాను."

"ఇని కూకున్నావా?"

"నేదు. నిలబడే ఉన్నాను."

"ఇన్నేళ్ళూ ఏటి సేసినావురా మరి?"

ఆఫీసుల చుట్టూ తిరిగానని చెప్పొచ్చు. నిఘంటువు చూడటానికి మెట్టు మీద కూర్చున్నానని చెప్పొచ్చు. ఆయన గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి అన్నాడు: "పెద్దల ముందర ఇదే సెప్పు. మిగతాది నాను సూసుకుంటాను."

మూడు రోజుల తరవాత సభ పెట్టారు. ఈసారి ఒక్క వాక్యమే చెప్పాను, వాళ్ళు అడిగినదానికల్లా జవాబిచ్చాను. కొందరు ఉమ్మేశారు. మావ భార్య ఇంకా ఉంది, ఆవిడ కూడా వచ్చింది. నేను మాట్లాడుతున్నంతసేపూ నా చేతుల వైపు చూస్తూ కూర్చుంది. బావ తల దించుకుని, తనకి ఏ అరుపూ వినిపించలేదన్నాడు. అది నిజమే కావచ్చు. కులపెద్ద తీర్పు ఎత్తేశాడు. మా అన్న ఏ బోటు ఇంజనైనా పట్టుకోవచ్చు అన్నాడు. పెద్దలు అయిదుగురు కాగితం మీద వేలిముద్రలు, సంతకాలు పెట్టారు, ఆఫీసుకి పంపడానికి.

ఆ సాయంత్రం వీరావల్‌కి ఫోను చేశాను. వెనక బోట్ల మోత, ఎవరో హిందీలో అరుస్తున్నారు. మొత్తం చెప్పాను. నేను విన్నానని చెప్పాననీ చెప్పాను.

మోత కాస్త తగ్గింది, అన్న పక్కకి జరిగినట్టున్నాడు. తరవాత అన్నాడు.

"నువ్వు ఇన్నావని నాకు తెల్సురా. నాను అరిసినప్పుడు నీ తల ఇటు తిరిగింది. మిగతావోళ్ళవి తిరగనేదు."

"మరెందుకు సెప్పనేదు అన్నా? ఆ రోజు సభలోనైనా?"

"నాను సెప్తే నిన్ను ఇరికించినట్టుంటాది. నువ్వే సెప్తావని సూసినాను. మీ ఇంటికొచ్చిన రోజు కూడా, ఇప్పుడు సెప్తాడు, ఇప్పుడు సెప్తాడు అని నిలబడ్డాను."

"వచ్చేయ్ అన్నా. ఇంజను నీదే. బావ దిగిపోతాడు."

"ఏటి దిగిపోడం. నా కళ్ళు ఆనటం నేదురా. ఎండలో నీళ్ళు సూసి సూసి పొర కమ్మింది. ఇక్కడ ఐసు పెట్టె ఎక్కడున్నాదో సెయ్యెట్టి ఎతుక్కుంటన్నాను. మొగలో కెరటం ఎలగ సూస్తాను?" ఆగాడు. "మీ వదినకి సెప్పకు. భయపడతాది."

సరుకు దించాలి, పిలుస్తున్నారు అని ఫోను పెట్టేశాడు. పెద్దలు సంతకాలు పెట్టిన కాగితం నా ఒళ్ళో ఉంది. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి ఆఫీసుకి వెళ్ళి ఇచ్చి వచ్చాను. కొత్త గుమస్తా దాన్ని ఏ ఫైల్లో పెట్టాలని అడిగాడు.